బ్యాకప్ మధ్యలో ఆగితే ముందు చెక్‌డిస్క్ నడపకండి

సంపాదకులకు నమస్కారం.

బ్యాకప్ సగానికి వచ్చి ఆగిపోయి, తెర మీద ‘డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అనో ‘ఐఓ డివైస్ ఎర్రర్’ అనో పడగానే చాలామంది చేసే మొదటి పని, విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ ఆదేశాన్ని స్లాష్ ఆర్ (/r) జోడించి నడపడం. పెళ్లి ఫొటోలున్న స్టూడియోలకు, ట్యాలీ లెక్కలున్న కొట్లకు, ఏళ్ల తరబడి కూర్చిన పుస్తకాలున్న డీటీపీ సెంటర్లకు ఎవరో ఒకరు ఈ సలహానే ఇస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు కాపీ తీయండి, మరమ్మతు సంగతి తర్వాత చూడొచ్చు.

ఎందుకంటే చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్ లెక్క, అంటే ఏ ఫైల్ డిస్క్‌లో ఎక్కడుందో చెప్పే పట్టిక సరిచేయడం. మీ ఫొటోలు కాపాడటం దాని పని కాదు. స్లాష్ ఆర్ పెడితే ఖాళీ చోటుతో సహా డిస్క్ అంతా చదువుతుంది. డిస్క్‌ను చదివే నీరసించిన హెడ్‌తో గంటల తరబడి చేయించే చాకిరీ అది. చదవలేని ముక్క తగిలితే దాన్ని పక్కన పెట్టేసి లెక్క సరిపెడుతుంది. ఫైల్ పేరు, సైజు అలాగే ఉంటాయి, లోపల మాత్రం కన్నం పడుతుంది. ఫోల్డర్ వివరాలే చెడితే అందులోని ఫైళ్లు పేర్లు పోగొట్టుకుని, ‘ఫౌండ్.000’ అనే ఫోల్డర్‌లో వరస నంబర్లతో తేలతాయి. వేల ఫొటోల్లో ఏది ఏ పెళ్లిదో వెతుక్కోవడం మీ వంతు.

మొదట తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డిస్క్ స్మార్ట్ వివరాలు, అంటే తన ఆరోగ్యం గురించి డిస్క్ తానే రాసుకునే లెక్కలు కనిపిస్తాయి. అందులో అంకెలు మామూలుగా హెక్సాలో (16 ఆధారంగా లెక్కించే పద్ధతి) ఉంటాయి కాబట్టి, ఫంక్షన్ మెనూలోకి వెళ్లి రా వాల్యూస్‌ని (అసలు లెక్కలను) మనం వాడే దశాంశంలోకి మార్చుకోండి. హార్డ్ డిస్క్ అయితే నాలుగు వరసలు చూస్తే చాలు. 5 అనే నంబరు వరస అంటే ఇప్పటికే చెడి, బదులు చోటుకు మార్చేసిన సెక్టార్లు (డిస్క్‌లో డేటా ఉండే చిన్న గడులు). 197 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. 198 అంటే డిస్క్ తనంతట తాను చేసుకునే పరీక్షలో కూడా సరిదిద్దలేకపోయినవి. 199 మాత్రం కేబుల్ దారిలో పుట్టిన తప్పుల లెక్క.

ఇక్కడే పెద్ద గందరగోళం ఉంది. 199 పేరులోనూ సీఆర్‌సీ (సైక్లిక్ రిడండెన్సీ చెక్‌కు పొట్టి పేరు) అనే ఉంటుంది, విండోస్ చూపే సందేశంలోనూ సైక్లిక్ రిడండెన్సీ చెక్ అనే ఉంటుంది. అది చూసి కేబుల్ మార్చి ఊరుకునేవాళ్లున్నారు. విండోస్ ఆ మాట అనేది చాలావరకు డిస్క్ తన సెక్టార్‌నే చదవలేకపోయినప్పుడు. 197 పెరిగితే తప్పు డిస్క్‌లో ఉన్నట్టు. 199 ఒక్కటే పెరుగుతుంటే సాటా కేబుల్ మార్చండి, మదర్‌బోర్డు మీద ఇంకో పోర్టులో పెట్టండి. 199 లెక్క ఎప్పటికీ తగ్గదు, మార్చిన తర్వాత పెరగకుండా ఉంటే చాలు. బయటి యూఎస్‌బీ డిస్క్ అయితే క్యాబినెట్ ముందు పోర్టు వదిలి, వెనక పోర్టుకు పొట్టి కేబుల్‌తో తగిలించి చూడండి. కరెంటు చాలక మధ్యలో తెగిపోయే డిస్కులు కూడా ఐఓ డివైస్ ఎర్రర్ చూపిస్తాయి.

197లో రెండో మూడో కనిపించి, డిస్క్ మామూలుగానే నడుస్తుంటే ముఖ్యమైన ఫోల్డర్లను విండోస్‌లోనే ఉండే కాపీ ఆదేశం రోబోకాపీతో వేరే డిస్క్‌కు తీయండి. అయితే స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 అని తప్పకుండా జోడించాలి. ఏమీ చెప్పకపోతే రోబోకాపీ చదవలేని ఒక్కో ఫైల్‌ను పది లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. లెక్కేస్తే ఒక్క చెడ్డ ఫైల్ దగ్గరే 347 రోజులు! ‘హ్యాంగ్ అయింది’ అని చాలామంది మూసేసేది దీన్నే. సబ్‌ఫోల్డర్లు కూడా రావాలంటే స్లాష్ ఈ, రాని ఫైళ్ల పేర్లు తెలియాలంటే స్లాష్ లాగ్ కలపండి.

197 సంఖ్య పదుల్లో ఉన్నా, చూస్తుండగానే పెరుగుతున్నా విండోస్‌లో ఇక ఏమీ చేయకండి. సిస్టమ్ రెస్క్యూ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, చెడుతున్న డిస్క్‌ను కాపీ తీసే గ్నూ డీడీరెస్క్యూ ప్రోగ్రామ్ వాడండి. పాత డిస్క్‌ను మౌంట్ చేయొద్దు, అంటే అందులోని ఫోల్డర్లను తెరవొద్దు. కొత్త డిస్క్ పాతదానికి సమానంగానో పెద్దగానో ఉండాలి, ఒక్క సెక్టార్ తగ్గినా కుదరదు. మొదటి విడతలో మైనస్ ఎన్ పెడితే బాగా చదివేవన్నీ ముందు లాగేసి, మొండికేసే చోట్లను ఒక్కో సెక్టారుగా తవ్వకుండా వదిలేస్తుంది. రెండో విడతలో మైనస్ డీ, మైనస్ ఆర్ 3 పెడితే మిగిలిన వాటి మీదికి మూడుసార్లు వెళ్తుంది. రెండు విడతలకూ ఒకే మ్యాప్ ఫైల్ (ఏ చోట్లు చదివిందో, ఏవి మిగిలాయో రాసుకునే ఫైల్) ఇవ్వాలి, దాన్ని వేరే పెన్‌డ్రైవ్‌లోనో ఇంకో డిస్క్‌లోనో ఉంచాలి. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం ప్రాణంతో సమానం. ఆదేశంలో ముందు రాయాల్సింది పాత డిస్క్ పేరు, తర్వాత కొత్తది. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ డేటా మీద కూర్చుంటుంది. పేర్లను నమ్మకుండా, డిస్క్ లేబుల్ మీది సీరియల్ నంబర్‌తో సరిపోల్చుకున్నాకే ఎంటర్ నొక్కండి. చెక్‌డిస్క్ నడపాలంటే ఇప్పుడు, ఆ కాపీ మీద నడపండి. బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కు వేసే తాళం) ఉన్న డిస్క్ అయితే కాపీని తెరవడానికి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, ముందే వెతికి పెట్టుకోండి.

టక్ టక్‌మని చప్పుడు వస్తుంటే ఇవేవీ వద్దు. వెంటనే కరెంటు తీసేసి డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందన్న మాట ఇంకా తిరుగుతోంది. చల్లబడిన డిస్క్ బయటికి రాగానే చెమ్మ పడుతుంది, అది ప్లాటర్ల (డేటా ఉండే పళ్లేల) దాకా చేరితే ఉన్నదీ పోతుంది.

మరమ్మతు షాపుల వారికి ఒక విన్నపం. ఫుల్ ఫార్మాట్ చేస్తే 197 లెక్క సున్నా అయిపోవడం మీకు తెలిసిందే. రాసినప్పుడు ఆ సెక్టార్ నిలబడితే డిస్క్ దాన్ని పెండింగ్ లెక్కలోంచి తీసేస్తుంది, నిలబడకపోతే బదులు చోటుకు మారి 5లో చేరుతుంది. రాస్తుండగా కరెంటు పోయి పెండింగ్‌లో పడ్డ సెక్టార్ నిజంగానే బాగై ఉండొచ్చు. కానీ ప్లాటరే అరిగిన డిస్క్ కూడా ఆ రోజుకు కొత్తదానిలా కనిపిస్తుంది. కాబట్టి ఫార్మాట్‌కు ముందు 5, 197 అంకెలెంతో, తర్వాత ఎంతో రెండూ బిల్లు మీద రాసివ్వండి. వినియోగదారులు కూడా ముందువి రెండు, తర్వాతవి రెండు, ఆ నాలుగు అంకెలు అడిగి రాయించుకోవాలి. ఈ విషయాన్ని మీ పత్రిక జిల్లా పేజీల్లో ప్రచురించాలని కోరుతున్నాం.

– కంప్యూటర్ హార్డ్‌వేర్ టెక్నీషియన్లు, ఏలూరు