గోడ మీద తోడి

ఒరేయ్ చంటీ,

తిట్టుకుంటూనే ఉంటావు. ఇదిగో అదిగో అంటూ నీ పుట్టినరోజు కూడా దాటించేశాను. క్షమించెయ్. ఇక్కడ అందరూ కులాసా. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, తమ్ముడికి గాజువాకలో ఉద్యోగం దొరికింది, ఎంవీపీ కాలనీలో అద్దె మళ్ళీ పెంచారు. క్షేమసమాచారాలు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

రుషికొండ ఉద్యోగం మానేశానని తెలుసుగా. (ఇడ్లీ సార్ శాపం అన్నావు, మర్చిపోలేదు.) వీణ టీచరు గారు, ఏయూలో ఫైన్ ఆర్ట్స్ చదివిన ఒక పెయింటరమ్మాయి, నేను కలిసి ఒక ప్రదర్శన తలపెట్టాం. టీచరు గారు వాయిస్తుంటే వెనక గోడ మీద బొమ్మ దానంతటదే పుట్టాలి. ఆవిడది బొబ్బిలి వీణ, గొల్లపల్లిలో ఒకే పనస మానులోంచి తొలిచింది. దానికి వైర్లు తగిలిస్తానంటే ఆవిడ మొహం చూడాలి! చివరికి రూపాయి బిళ్ళంత పీజో ముక్కని (తీగ అదురుని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) తీగలు ఆనే బ్రిడ్జి కింద అంటించడానికి ఒప్పుకున్నారు, బంక మరక పడకూడదన్న షరతు మీద. స్టేజి మీద హాలోజన్ లైట్లు మాత్రం ససేమిరా అన్నారు. వీణ మెట్లు కూర్చోబెట్టింది మైనంలో కదా, వేడికి మెత్తబడితే శ్రుతి గోవిందా.

మొదటి రిహార్సల్. ఒక్కో స్వరానికి ఒక్కో రంగు. శంకరాభరణం అందుకున్నారు, గోడ చక్కగా వెలిగింది. నేను కాలరెగరేశాను. తర్వాత తోడి రాగం. అంతే! గోడకి పిచ్చెక్కింది. రంగులు తపతపా మారిపోతున్నాయి. ఆవిడ వాయించడం ఆపి, కళ్ళజోడు పైకి తోసుకుని, "బాబూ, నేను గాంధారం వాయిస్తుంటే నీ గోడ ఓసారి రిషభం అంటోంది, ఓసారి మధ్యమం అంటోంది. మాలో ఎవర్ని నమ్మాలి?" అన్నారు.

గోడది అబద్ధం కాదురా. తోడిలో గాంధారం ఒకచోట కుదురుగా నిలబడదు, తీగని పక్కకి లాగుతూ ఊపుతారు. నా ప్రోగ్రామేమో విన్న ప్రతి ధ్వనినీ దగ్గర్లో ఉన్న స్వరం పెట్టెలోకి నెట్టేస్తుంది. పియానోకైతే సరిపోతుంది, ఇలా స్వరాన్ని ఊపే గమకానికి ఎక్కడ సరిపోతుంది? దీనికి తోడు తాళం తీగల గోల. చిటికెన వేలు వాటిని మీటినప్పుడల్లా బొమ్మ ఎగిరి గంతేస్తోంది. ఆ చప్పుడు వడగట్టేద్దామని నేను లెక్కలు వేస్తూ కూర్చున్నాను, టెన్షన్‌తో నిద్ర లేదు.

అప్పుడు నోరు విప్పింది పెయింటరమ్మాయి. నేల మీద సుద్దముక్కతో నాలుగు చుక్కలు పెట్టి, వాటిని తాకకుండా చుట్టూ మెలికలు తిప్పింది. "తాళం తీగలు చుక్కలు పెడతాయి, పెద్ద తీగ ముగ్గేస్తుంది. ఆ గంతుల్ని ఎందుకు తీసేస్తావు?" అంది.

టీచరు గారు, నేను మొహమొహాలు చూసుకున్నాం.

తాళం తీగల దగ్గర రెండో పీజో పెట్టాను. పెట్టెలోకి నెట్టే ఆ ముక్క కోడ్‌లోంచి పీకేశాను. శ్రుతి ఎటు పోతే గీత అటే. గాంధారం ఊగుతుంటే గీత రిషభం వైపూ మధ్యమం వైపూ వాలుతూ చుక్కని చుట్టుకుపోతోంది. చూడాలిరా నువ్వు! ఆవిడకి ఇంకో అనుమానం. "వెలుగు మీటు వెనక నడుస్తోంది" అన్నారు. ఆ చెవులేం చెవులురా బాబూ! కంప్యూటర్ ధ్వనిని సెకనుకి 44,100 ముక్కలుగా (శాంపిళ్ళు) తీసుకుంటుంది. ఒక్కో విడతకి 1024 పోగయ్యాకే లెక్క మొదలయ్యేలా బఫర్ పెట్టాను, అంటే 23 మిల్లీసెకన్ల ఆలస్యం. 256కి దించితే ఆరుకి వచ్చింది. మిగతాది ప్రొజెక్టర్ ఆలస్యం, అందులో ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ ఉంటే అది పెట్టాను. అప్పుడుగానీ తల ఊపలేదు.

సిరిపురంలో చిన్న హాల్లో వేశాం. పొద్దున్నే ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఒక పిన్ను మా ప్రాణాలు తోడేసింది, అది వేరే కథ. సాయంత్రం ఆవిడ ఓరగా గోడ వైపు చూస్తూ గాంధారాన్ని వదలరే! గీతని ఇంకా ఎంత తిప్పొచ్చో చూడాలని. పల్లవి మొదలయ్యేసరికి వాచ్‌మన్ తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు నాకు ఏమనిపించిందంటే... ఏమోరా, రాయలేను. ఆ గోడ మీది బొమ్మ ఎవరిదంటావు? గీసింది వీణ, కాని... సర్లే.

నాన్న సంగతి చెప్పనే లేదు. సంబంధాల వాళ్ళకి నా ఉద్యోగం ఏమని చెప్పాలో తెలియక ఆయన గొడవ. నేను 1966 కథ ఎత్తుకున్నాను. న్యూయార్క్‌లో బిల్లీ క్లూవర్ అనే బెల్ ల్యాబ్స్ (టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల) ఇంజనీరు, రాషెన్‌బర్గ్ అనే చిత్రకారుడు కలిసి పదిమంది కళాకారుల్నీ ముప్పై మంది దాకా ఇంజనీర్లనీ ప్రదర్శనల కోసం పోగేశారనీ, టెన్నిస్ రాకెట్లలో మైకులు పెడితే బంతి తగిలినప్పుడల్లా హాలు ఖంగుమని ఒక్కో దీపం ఆరిపోయేదనీ, ఆ తర్వాత దీనికోసం ఒక సంస్థే పెట్టారనీ చెప్పాను. అంతా విని, "వాళ్ళకి బెల్ ల్యాబ్స్ జీతం ఉంది. నీకు?" అన్నారు. ఏం చెప్పను? మాకొచ్చింది ముగ్గురం సమానంగా పంచుకున్నాం. పంచుకోవడానికి పెద్దగా ఉంటేగా! ఒక స్కూలు వాళ్ళు పిల్లలకి నేర్పమని పిలిచారు, దాంతో రెండు నెలలు గడుస్తాయి. ఈ పనిలో ఉన్న సుఖం మాత్రం నాకు తెలిసింది. ఎవరికి రానిది వాళ్ళు ధైర్యంగా అడగొచ్చు. పాత ఆఫీసులో అది కుదిరేదా?

ఆ, ముఖ్యమైనది. అటక మీదున్న మీ తాతగారి హార్మోనియం పాతసామాన్లకి వేసెయ్యకు. పెయింటరమ్మాయి దాని తిత్తుల గురించి ఏదో ఆలోచిస్తోంది. రీడ్లు పలుకుతున్నాయో లేదో చూసి చెప్పు. మూడో స్తంభం దగ్గర ఇచ్చిన మాట గుర్తుందిగా, పండక్కి వచ్చి... టీచరు గారు కింద హారన్ కొడుతున్నారు, తీగలు కొనడానికి వెళ్ళాలి. ఉంటా.

నీ
గుండు