మొదటి డోసుకు ముందే శాంపిల్ తీయండి

సంపాదకులకు నమస్కారం.

22 ఏళ్లుగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. కొన్ని శాంపిళ్లకు 'నో గ్రోత్' అని రిపోర్ట్ రాయాల్సి వచ్చినప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. స్లైడ్ నిండా చీము కణాలుంటాయి, మధ్యమధ్య బాక్టీరియా కూడా కనిపిస్తుంది. బాక్టీరియాను పెంచే ప్లేట్ మీద మాత్రం ఒక్క కాలనీ, అంటే కంటికి కనిపించే బాక్టీరియా గుంపు, రాదు. వార్డుకు ఫోన్ చేస్తే, రెండు రోజులుగా యాంటీబయాటిక్ నడుస్తోందని చెబుతారు. ఆ మందు వల్లే ప్లేట్ మీద బాక్టీరియా పెరగదు.

మా అమ్మ విషయంలోనూ ఇదే జరిగింది. మూత్రంలో ఇన్ఫెక్షన్, చలిజ్వరం. రాత్రి ఇంజెక్షన్ మొదలుపెట్టి, శాంపిల్ మర్నాడు తీశారు. కల్చర్‌లో, అంటే శాంపిల్‌లోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగలేదు. ఏ బాక్టీరియానో తెలియక వారమంతా రెండు బలమైన మందులు ఎక్కించారు. కొన్నాళ్లకు జ్వరం తిరగబెట్టింది. ఈసారి సూది వేయకముందే నేనే దగ్గరుండి శాంపిల్ పట్టించాను. మర్నాటికి మెకాంకీ అనే కల్చర్ ప్లేట్ మీద గులాబీ రంగు కాలనీలు వచ్చాయి. బాక్టీరియాను గుర్తుపట్టే ఇండోల్ పరీక్ష ట్యూబులో రసాయనం చుక్కలు వేయగానే పైన ఎర్రటి వలయం తేలింది. మిగతా పరీక్షలూ అది ఇ.కోలై బాక్టీరియా అనే తేల్చాయి. ఏ మందు పనిచేస్తుందో చూసే సెన్సిటివిటీ ప్లేట్‌లో, ఒక మామూలు మాత్ర మందు ఉన్న డిస్క్ చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వెడల్పుగా కనిపించింది. ఆ మాత్రతోనే తగ్గింది.

బాక్టీరియాను గుర్తుపట్టే పరీక్షల్లో చాలావాటికి బతికున్న బాక్టీరియా కావాలి. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రచురించిన రంగుల పద్ధతితో గంటలోపే కొంత తెలుస్తుంది. ఊదా రంగు నిలిస్తే గ్రామ్ పాజిటివ్ రకం, ఆ రంగు పోయి గులాబీ పడితే గ్రామ్ నెగటివ్ రకం. అయితే దాంతో పేరు తేలదు. స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ రెండూ గుండ్రంగా, ఊదాగానే ఉంటాయి. కాలనీని కాస్త తీసి హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో కలిపితే స్టెఫైలోకాకస్ బుసబుసా నురగెత్తుతుంది, స్ట్రెప్టోకాకస్‌లో చలనం ఉండదు. అలా నురగ వచ్చినదాన్ని ప్లాస్మాలో, అంటే రక్తకణాలు తీసేసిన ద్రవంలో, వేసి చూస్తాం. అది గడ్డకడితే, పుండ్ల నుంచి రక్తం దాకా పాకగల స్టెఫైలోకాకస్ ఆరియస్ అని అనుకుంటాం. ఇదంతా కాలనీ పెరిగాకే సాధ్యం. కొత్తగా వచ్చిన మాల్డిటాఫ్ యంత్రం నిమిషాల్లో పేరు చెబుతుంది, నిజమే. దానికీ మామూలుగా ముందు కాలనీ పెరగాలి.

మందు ఆలస్యం చేయమని నేను అనడం లేదు. ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోతున్న మనిషికి వెంటనే మందు పడాల్సిందే. కానీ కల్చర్ సీసాలోకి రక్తం తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. అంత అత్యవసరం లేనిచోట కూడా శాంపిల్ మర్చిపోవడం అలవాటైపోయింది, నా బాధ అదే.

తీసిన శాంపిల్ ఆలస్యంగా వచ్చినా చిక్కే. మూత్రం 2 గంటల్లోపు ల్యాబ్‌కు రాకపోతే, దారిలో కలిసిన బాక్టీరియా కూడా అందులో పెరిగి లెక్క తప్పుతుంది. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. రక్తం తీసిన కల్చర్ సీసాను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఈ రెండూ తారుమారు చేసి పంపినవి ఎన్నోసార్లు నా చేతికొచ్చాయి.

ఆస్పత్రుల యాజమాన్యాలకు నా విన్నపం ఒకటే. యాంటీబయాటిక్ రాసే కాగితం మీదే 'కల్చర్ శాంపిల్ తీసిన సమయం' అని ఒక గడి పెట్టండి. అది నింపాకే నర్సు మొదటి డోసు వేయాలి, ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం మినహాయింపు. ల్యాబ్‌కు వచ్చే ఫారంలో అప్పటికే వాడుతున్న మందు పేరు, మొదలుపెట్టిన సమయం రాయండి. ఇప్పుడు మా దగ్గరికొచ్చే చాలా ఫారాల్లో ఆ చోటు ఖాళీగానే ఉంటోంది.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్