బీజీ-3 పత్తి సంగతి తేల్చి చెప్పండి

సంపాదకుడు గారికి,

వానాకాలం వస్తోందంటే చాలు, ఫలానా ఊళ్లో నకిలీ పత్తి విత్తనాలు పట్టుకున్నారు, కేసు పెట్టారు అని వార్తలు. అందులో చాలావరకు కలుపు మందును తట్టుకునేలా జన్యువులు మార్చిన పత్తే, మా దగ్గర బీజీ-3 అంటారు. దానికి దేశంలో అనుమతి లేదు, అయినా దొరుకుతూనే ఉంది. బిల్లు ఇవ్వరు కాబట్టి మొలకెత్తకపోతే అడిగే దిక్కు లేదు.

రైతు ఎందుకు కొంటున్నాడో కూడా రాయండి. జూలైలో ముసురు పట్టిందంటే గుంటుక తోలడానికి వీలుండదు, కూలీలు అందరికీ ఒకేసారి కావాలి, ఎంత ఇస్తామన్నా దొరకరు, ఈలోగా గడ్డి మొక్కను మింగేస్తుంది. అలాంటప్పుడు గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొడితే ఒక్క పూటలో పని అయిపోతుందంటే ఎవరైనా కొంటారు. కానీ అదే మందు గాలికి పక్క చేనులో మామూలు పత్తి మీదో కంది మీదో పడితే ఆ రైతు పంట మాడిపోతుంది.

నేను జన్యుమార్పిడి పంటలకు వ్యతిరేకిని కాను. 2002లో కాయ తొలిచే పురుగును తనే చంపే బీటీ పత్తి వచ్చాక పచ్చపురుగు బెడద తగ్గింది, అది నిజం. అయితే ఇప్పుడు కాయ చీల్చి చూడండి, గింజను తొలిచేస్తూ గులాబీ రంగు పురుగు, చుట్టూ దూది పసుపెక్కి ఉంటుంది. బీటీలో తర్వాత వచ్చిన రకం బీజీ-2 కూడా దాన్ని ఆపలేకపోతోంది. 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజలు ఇచ్చేవాళ్లు, చేను చుట్టూ వేయమని. అక్కడ పెరిగిన పురుగులు బీటీని తట్టుకున్న వాటితో జతకడితే పుట్టే పురుగులు చాలావరకు మళ్లీ బీటీకి చస్తాయి, అందుకే అవి. ఈ ముక్క రైతుకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లు ఎంతమంది? చాలా చోట్ల ఆ చిన్న ప్యాకెట్ గట్టు మీదే పోయింది.

కలుపు విషయంలోనూ ఇదే జరుగుతుంది. అమెరికా పత్తి చేలల్లో మన తోటకూర జాతికే చెందిన పామర్ అమరాంత్ అనే కలుపు 2005 నాటికే గ్లైఫోసేట్‌కు చావకుండా తయారైంది. ఇక్కడ ఏ లెక్కా జాగ్రత్తా లేకుండా దొంగచాటుగా వేస్తుంటే అలాంటి కలుపు అంతకంటే తొందరగానే రావచ్చు.

కాబట్టి జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ ఈ పత్తి మీద పరీక్షల ఫలితాలు తెలుగులో కూడా బయటపెట్టి, అనుమతి ఇస్తామో ఇవ్వమో ఒక మాట చెప్పాలి. అప్పటిదాకా సంచి పట్టుకెళ్లే రైతును కాదు, ఈ విత్తనం తయారు చేయించి లారీల్లో పంపేవాళ్లను పట్టుకోండి. విత్తనాలు అమ్మే ప్రతి దుకాణంలో బిల్లు ఇప్పించండి.

ఇట్లు,
ఒక పత్తి రైతు, ఆదిలాబాద్ జిల్లా