కెనడా పౌరసత్వ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మూలవాసుల హక్కుల్ని గుర్తించే మాట 2021లో పౌరసత్వ ప్రమాణంలో చేరింది. సంతోషం. కానీ పరీక్ష కోసం మేం చదివిన పుస్తకంలో రెసిడెన్షియల్ స్కూళ్ల (మూలవాసుల పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి ఉంచిన ప్రభుత్వ, చర్చి బళ్లు) సంగతి నాలుగు ముక్కల్లో తేలిపోయింది. లక్షన్నర మందికి పైగా పిల్లల్ని కన్నవాళ్లకు దూరం చేసిన చరిత్ర అది! 1973లో ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆరేళ్ల మూలవాసి పాపకు అవ్వ కొనిచ్చిన కొత్త నారింజ రంగు చొక్కాను బడిలో మొదటి రోజే లాగేసుకున్నారు. మళ్లీ ఇవ్వలేదు. వేలమంది పిల్లలైతే ఇంటికే తిరిగి రాలేదు.

ఆ పిల్లల్ని తలుచుకునే రోజైన సెప్టెంబర్ 30న మా తెలుగువాళ్లూ నారింజ చొక్కాలు తొడుక్కుంటున్నారు (అదేమంత కష్టం కాదు లెండి). కొత్తగా వచ్చేవాళ్లకిచ్చే సమాచారాన్నీ, పౌరసత్వ పరీక్షనూ మార్చమని ఆ బళ్ల చరిత్రపై విచారణ జరిపిన సత్య, సయోధ్య కమిషన్ 2015లోనే 93వ సిఫార్సుగా అడిగింది. ఆ బళ్లలో చదివి బతికి బయటపడ్డవాళ్ల చేతే పుస్తకంలో ఈ పాఠం రాయించండి. తిరిగిరాని ఆ పిల్లల గుర్తులేని సమాధుల్ని వెతుకుతున్న మూలవాసులకు నిధులు ఆపొద్దని మీ సహచర మంత్రులకూ చెప్పండి.

ఇట్లు,
బ్రాంప్టన్‌లో ఉంటున్న ఒక తెలుగువాడు