వార్సాను చూపించి పాత భవనాలు కూల్చమనకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈ మధ్య మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు రాసింది చదివాను. పోలండ్ రాజధాని వార్సాలో పాత ఊరు మొత్తం నేలమట్టమైతే మళ్లీ అచ్చం అలాగే కట్టుకున్నారట, దానికి యునెస్కో గుర్తింపు కూడా వచ్చిందట, అలాంటప్పుడు మన దగ్గర శిథిలమైన పాత భవనాల కోసం ఈ గొడవంతా దేనికి, పడగొట్టి అదే రూపంలో కొత్తగా కట్టుకుంటే పోలా అని ఆయన వాదన. ఉద్యోగం మీద వచ్చి వార్సాలోనే ఉంటున్నాను, సెలవు రోజుల్లో తిరిగేది ఆ పాత ఊళ్లోనే, అందుకే ఈ ఉత్తరం. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు గానీ కథ సగంలో ఆపేశారు.

మొదటి సంగతి, వార్సా వాళ్లు తమ ఇళ్లు తామే కూల్చుకోలేదు. 1944 ఆగస్టు 1న నాజీల మీద తిరగబడ్డారు, 63 రోజులు పోరాడి ఓడిపోయారు. లక్షన్నర మందికి పైగా మామూలు జనం చచ్చిపోయారని అంచనా. మిగిలిన వాళ్లను ఊరి నుంచి తరిమేసి, ఆ తర్వాత తీరిగ్గా జర్మన్ దళాలు ఇళ్లు తగలబెట్టుకుంటూ పేల్చుకుంటూ పోయాయి. యుద్ధంలో పడిన బాంబులు ఒక ఎత్తు, జనం లేని ఊళ్లో పనిగట్టుకుని చేసిన ఈ విధ్వంసం ఇంకో ఎత్తు. రాజుగారి కోటనే తీసుకోండి. 1939లో బాంబులకు కాలిపోయింది, ఆ ఏడాదే దాని గోడలకు డైనమైట్ కోసం రంధ్రాలు కొట్టి పెట్టారు, చివరికి తిరుగుబాటు పూర్తిగా అణగకముందే 1944 సెప్టెంబరులో పేల్చేశారు. కోట ముందు 1644 నుంచి నిలబడి ఉన్న సిగిస్మండ్ రాజు స్తంభం కూడా ఆ సెప్టెంబరులోనే కూలింది.

మరి మళ్లీ ఎలా కట్టగలిగారు? ఇక్కడ గైడ్లు అందరూ చెప్పే కథ ఒకటుంది, 18వ శతాబ్దంలో బెలొట్టో అనే ఇటలీ చిత్రకారుడు వేసిన బొమ్మలు చూసి కట్టారని. వినడానికి బాగుంటుంది, కొంత నిజం కూడా. కాకపోతే ఆ బొమ్మలు ఎక్కువగా పనికొచ్చింది కోట నుంచి దక్షిణంగా వెళ్లే పెద్ద వీధికి (ఇప్పుడు ఆ వీధిలో నడుస్తుంటే అక్కడక్కడా ఆ బొమ్మల నకళ్లు పెట్టి ఉంటాయి, ఇప్పుడున్న భవనంతో పోల్చి చూసుకోవచ్చు). పైగా బెలొట్టో అందం కోసం అక్కడక్కడా సొంత కల్పన కూడా చేర్చాడు. పాత ఊరి చౌరస్తా చుట్టూ ఉన్న ఇళ్లకు అసలు ఆధారం వేరే. యుద్ధానికి ముందే వార్సా పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ విద్యార్థులు, పంతుళ్లు ఒక్కో ఇంటికీ టేపు పట్టి కొలతలు తీసి డ్రాయింగులు గీసి పెట్టారు. జర్మన్లు ఉన్న కాలంలోనూ ఆ పని దొంగచాటుగా సాగింది. తిరుగుబాటు అణిగాక వాటిని ఊరు దాటించి పియోత్ర్కూఫ్ అనే పట్టణంలో ఒక మఠంలో దాచారు. ప్రాణాలకు తెగించి కాగితాలు మోశారన్నమాట! 1945 ఫిబ్రవరిలో రాజధాని పునర్నిర్మాణ కార్యాలయం పెట్టినప్పుడు ఆర్కిటెక్టు యాన్ జఖ్వాతోవిచ్ బృందానికి చేతిలో ఉన్న పెట్టుబడి అదే. 1953 జూలై 22న చౌరస్తాను జనానికి అప్పగించారు.

ఇంత కష్టపడ్డా అచ్చం పాతదే వచ్చిందా అంటే, రాలేదు. కావాలనే కొన్ని మార్చారు. సెయింట్ జాన్ కెథడ్రల్ ముఖభాగం యుద్ధానికి ముందు ఉన్నట్టు కట్టలేదు, మధ్యయుగంలో ఇలా ఉండేదేమో అని ఊహించి కట్టారు. ఇళ్ల వెనక కిక్కిరిసిన పెరటి గదులు వదిలేసి గాలి వెలుతురు వచ్చేలా ఖాళీ ఉంచారు, లోపల కొత్త కాలపు ఫ్లాట్లు పెట్టారు. ఉండే జనానికి అది మేలే, నేనేం తప్పు పట్టను. కానీ ఇటుకల సంగతి వింటే మాత్రం మింగుడు పడదు. బార్బికన్ అనే కోట బురుజు మళ్లీ కట్టడానికి వ్రోత్స్వావ్, నిసా పట్టణాల్లో కూల్చిన పాత కట్టడాల ఇటుకలు తెచ్చారు. అంటే ఒక పాత ఊరు లేవడానికి ఇంకో పాత ఊరు తన ఇటుకలు ఇచ్చుకుంది. అక్కడికి దగ్గర్లోనే మురానూఫ్ ఉంది, నాజీలు యూదులను గోడ కట్టి బంధించి ఉంచిన ఘెట్టో ఉన్న చోటు. 1943లో నాజీలు దాన్ని మట్టి చేశారు. దాన్ని ఎవరూ పాత రూపంలో కట్టలేదు. ఆ శిథిలాల మీదే, ఆ శిథిలాలనే పిండి చేసి పోసిన దిమ్మెలతో కొత్త కాలనీ లేచింది. మళ్లీ కట్టుకోవచ్చులే అనే వాళ్లు మురానూఫ్ కూడా ఒకసారి చూడాలి.

ఇక యునెస్కో. 1980లో ఇచ్చిన గుర్తింపు ఆ ఇళ్ల వయసుకు ఇచ్చింది కాదు, అవి యుద్ధం తర్వాతవని వాళ్లకు తెలుసు. ఒక జాతి తుడిచిపెట్టుకుపోయిన తన చరిత్రను దాదాపు మొత్తంగా తిరిగి నిలబెట్టుకుందని, ఆ పనికి ఇచ్చారు. అప్పటికి కోట పని ఇంకా నడుస్తూనే ఉంది. 1971లో మొదలుపెట్టాలని నిర్ణయిస్తే 1984లో గానీ తెరవలేదు, అదీ ఎక్కువ భాగం జనం చందాలతో. మేడమ్ క్యూరీ పుట్టిన ఇల్లు ఇక్కడే ఫ్రేటా వీధిలో ఉంది, మనవాళ్లు వచ్చి ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. అది కూడా మళ్లీ కట్టిందే.

హైదరాబాద్‌లో ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చి అసెంబ్లీ కడతామన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది కాబట్టి అది మిగిలింది. ఇలా కోర్టు దాకా వెళ్లనివి మన ఊళ్లలో చాలా ఉన్నాయి. ఆ పాఠకుడు గారిని ఒక్కటే అడుగుతున్నాను. మీరు పడగొట్టమంటున్న భవనానికి గది గదికీ కొలతలతో డ్రాయింగులు ఎవరి దగ్గర ఉన్నాయి? లేకపోతే ముందు ఆర్కిటెక్చర్ కాలేజీల పిల్లలతో ఆ పని చేయించమని ప్రభుత్వాలకు రాయండి, నేనూ సంతకం పెడతాను. మరమ్మతు చేయాలన్నా కావాల్సింది అవే.

ఇట్లు,
మీ పాఠకుడు, వార్సా