శనివారం సాఫ్ట్‌బాల్ మ్యాచ్: పిచర్‌ను (బంతి విసిరే అమ్మాయిని) ఎప్పుడు మారుస్తాం?

అందరికీ నమస్కారం. శనివారం ఉదయం 8 గంటలకు మ్యాచ్. పిల్లలు 7:15 కల్లా గ్రౌండ్‌లో ఉండాలి.

పోయిన మ్యాచ్‌లో పిచర్‌ను ముందే ఎందుకు మార్చలేదని చాలామంది అడిగారు. నిజమే, నేనే ఒక ఇన్నింగ్స్ ఆలస్యం చేశాను.

ఈసారి వరసగా ఇద్దరు బ్యాటర్లకు నాలుగేసి బాల్స్ (గురి తప్పిన బంతులు) పడి వాక్ వస్తే, అంటే వాళ్లు కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కు వెళ్తే, టైమ్ అడిగి వెళ్లి మాట్లాడతాను. తర్వాత కూడా స్ట్రయిక్ (గురిలో పడ్డ బంతి) పడకపోతే మార్చేస్తాను. హిట్లు పడుతున్నాయని మాత్రం మార్చను. బంతి స్ట్రయిక్ జోన్‌లోకి (బ్యాటర్ కొట్టడానికి అందే చోటికి) వస్తున్నంతసేపు మిగతా పని ఫీల్డర్లది, వాళ్లు బంతి వదిలేస్తే పిచర్‌ను తీసేయడం అన్యాయం. భుజం పట్టుకున్నా, కళ్లలో నీళ్లు తిరిగినా స్కోరు చూడను, వెంటనే మార్పు.

మార్చిన అమ్మాయి బెంచీకి వెళ్లదు. ఫస్ట్ బేస్‌లోనో అవుట్‌ఫీల్డ్‌లోనో ఆడుతుంది.

రెండో, మూడో పిచర్లు: రెండో ఇన్నింగ్స్ నుంచే వార్మప్ మొదలుపెట్టండి. చల్లబడిన చేత్తో బంతి వెయ్యొద్దు.

తల్లిదండ్రులు: పిల్లకు చేయి నొప్పి ఉంటే శుక్రవారం రాత్రిలోగా నాకు మెసేజ్ పెట్టండి. బయటి నుంచి "స్ట్రయిక్ వెయ్యి" అని అరవకండి, ప్లీజ్. వెయ్యాలని ఆ పిల్లకూ తెలుసు!

చదివినవాళ్లు 👍 పెట్టండి. నీళ్ల బాటిల్ మర్చిపోవద్దు.