మా పెరంబూరు ఇంటి గొడవ తీర్చిపెట్టిన వాళ్ళందరికీ పేరుపేరునా థాంక్స్

అందరికీ నమస్తే. పోయిన వారం చెన్నైలోని మా పెరంబూరు ఇంటి పార్టిషన్ డీడ్ (పంపకాల పత్రం) రిజిస్టర్ అయిపోయిందండీ. మా వదిన, ఇద్దరు పిల్లలు అదే ఇంట్లో ఉన్నారు, ఇకమీదట ఎవరి దయ మీదా కాదు, వాళ్ళ పేరు మీద ఉన్న భాగంలో. దీని వెనక చాలామంది చెయ్యి ఉంది, వాళ్ళకి అందరి ముందూ దండం పెట్టుకోవాలనే ఈ పోస్ట్. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయట్లేదు, చదివితే ఎవరికి వాళ్ళకి తెలుస్తుంది.

తెలియని వాళ్ళ కోసం సంగతి చెప్తా. నాన్న ఇక్కడి రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పని చేస్తూ 1978లో అర గ్రౌండ్ (1,200 చదరపు అడుగుల) స్థలంలో పాత పెంకుటిల్లు కొన్నాడు, తర్వాత డాబా చేశాడు. 2009లో పోయాడు, విల్లు లేదు. 2016లో అమ్మ, 2021లో కరోనాకి అన్నయ్య. మిగిలింది అక్క, నేను, తమ్ముడు, ఇంకా వదినా పిల్లలూ. తమ్ముడు ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేద్దాం అన్నాడు, వదిన మేమెక్కడికి పోవాలంది, అక్కడ మొదలైంది. చివరికి లాయర్ నోటీసు దాకా వచ్చి, ఒకే మెట్ల మీద ఎదురుపడినా మాట్లాడుకోని పరిస్థితి.

అందులోకి బంధువులు దిగారు. ఆడపిల్లలకి కట్నాలిచ్చి పంపారుగా మళ్ళీ ఇంట్లో వాటా ఏంటి అని ఒకరు, అక్కకి 1987లోనే పెళ్ళయింది, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి వాటా ఇచ్చే తమిళనాడు చట్టం 1989లో వచ్చింది కాబట్టి అక్కకి అసలు హక్కే లేదని ఇంకొకరు, అన్నదమ్ములు పంచుకుందాం అనేదాకా ఆడవాళ్ళు ఉంటున్న ఇంటిని పంచమని అడగకూడదని మరొకరు. అందరూ ఎంత గట్టిగా చెప్పారంటే అక్క నిజంగానే నాకేమీ వద్దులే అని సంతకం పెట్టడానికి రెడీ అయింది.

ఇక్కడ మొదటి థాంక్స్ నాన్నతో పాటు ఐసీఎఫ్‌లో పని చేసిన బాబాయికి. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, అయినా ఆటో వేసుకుని వచ్చి అందర్నీ కూర్చోబెట్టి, ఇది మీ తాతల ఆస్తి కాదురా, మీ నాన్న జీతంలో మిగిల్చి, పీఎఫ్ లోన్ పెట్టి కొన్నది, నేను పక్కనే ఉన్నాను, సాక్షి సంతకం కూడా నాదే అన్నాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసిన 1978 డీడ్ నకల్లో చూస్తే నిజంగానే సాక్షుల్లో బాబాయి పేరుంది. ఆ ఒక్క మాటతో సగం గొడవ తేలిపోయింది అంటే నమ్మండి, ఎందుకో కింద చెప్తా.

రెండో థాంక్స్ వదినకి వచ్చిన లాయరమ్మకి. వదిన చేతిలో డబ్బుల్లేవు. ఉచిత న్యాయ సాయం నంబరు 15100కి ఫోన్ చేస్తే దారి చెప్పారు, హైకోర్టు ఆవరణలో ఉన్న లీగల్ సర్వీసెస్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాం. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారండీ, 1987 లీగల్ సర్వీసెస్ చట్టంలోనే ఉంది, చాలామందికి తెలీదు, దయచేసి తెలిసిన వాళ్ళకి చెప్పండి. ఆవిడ మాకు ఎంత ఓపిగ్గా చెప్పారంటే, 1989 తమిళనాడు సవరణ పూర్వీకుల ఉమ్మడి ఆస్తికి, నాన్న సొంతంగా సంపాదించింది దాని కిందికి రాదు, విల్లు లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ కొడుకులకీ కూతుళ్ళకీ సమానం, కూతురి పెళ్ళి ఎప్పుడయిందన్న ప్రశ్నే లేదు అన్నారు. ఉంటున్న ఇంటిని ఆడవాళ్ళు పంచమని అడగకూడదన్న మాట కూడా ఉత్తినే పుట్టింది కాదట, ఒకప్పుడు అదే చట్టంలో 23వ సెక్షన్‌గా ఉండేది, 2005 సెప్టెంబర్ 9 నుంచి తీసేశారు. నాన్న పోయింది 2009లో. మా బంధువులు చెప్పింది ఎప్పుడో కొట్టేసిన రూలు!

లెక్క కూడా ఆవిడే వేసి చూపించారు. నాన్న పోయినప్పుడు ఇల్లు ఐదు భాగాలు, అమ్మకొకటి, మా నలుగురికి నాలుగు. అమ్మ పోయాక ఆమె భాగం మళ్ళీ మా నలుగురికీ. అంటే తలా పాతిక. అన్నయ్య పాతిక వదినకీ ఇద్దరు పిల్లలకీ సమానంగా. ఇంటి పన్ను రసీదు తమ్ముడి పేరు మీద ఉంది, కరెంటు వాళ్ళ ఈబీ కార్డు ఇంకా నాన్న పేరు మీదే ఉంది, ఈ రెండింటి వల్లా ఎవరూ ఓనర్ అయిపోరని తమ్ముడి ఎదుటే చెప్పారు, వాణ్ణి ఒక్క మాట తక్కువ చేయకుండా చెప్పారు, అది మాత్రం నేను మర్చిపోలేను.

కేసు వేయకముందే రాజీ కుదిర్చే మీడియేషన్‌కి వెళ్ళాం. అక్కడ మీడియేటర్ మేడమ్‌కి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. అందర్నీ కలిపి కూర్చోబెట్టారు, తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు, అక్కడ అన్న మాట కోర్టులో సాక్ష్యంగా పనికిరాదని ముందే చెప్పడంతో మనసు విప్పారు అందరూ. తమ్ముడి బాధ అప్పుడే బయటపడింది. 2012లో మేడ మీద కట్టింది వాడే, సొంత లోన్‌తో. "ఇన్నేళ్ళూ ఈఎంఐ నేనే కడుతున్నానక్కా, ఎలా కడుతున్నావురా అని ఒక్కళ్ళైనా అడిగారా" అన్నాడు. బిల్డర్ గోల అంతా ఆ అప్పు తీర్చుకోవడానికే. వాడు చెడ్డవాడని ఊరంతా అనుకుంటున్న రోజుల్లో ఆ మాట వాడి నోటితో వాడు చెప్పుకునే చోటు ఇచ్చింది ఆ మేడమ్.

ఆవిడ ఇంకో పని చేశారు. తెల్ల కాగితం మీద మా చేతే ఇంటి ప్లాన్ గీయించారు. సంపు ఎక్కడుంది, మోటార్ స్విచ్ ఎవరి గోడకి ఉంది, మెట్రో వాటర్ వచ్చినప్పుడు ఎవరు ముందు పట్టుకుంటారు, వెనక పోర్షన్ వాళ్ళు వీధిలోకి రావాలంటే ఎవరి వరండా దాటాలి, టెర్రస్ మీద బట్టలారేసేది ఎవరు, ఇవన్నీ రాయించారు. వాటా శాతాలు కోర్టు చెప్తుంది, మోటార్ స్విచ్ సంగతి మీరే తేల్చుకోవాలి అన్నారు. మా ఇంట్లో పెద్ద తగాదాలన్నీ ఆ స్విచ్ దగ్గరే మొదలయ్యాయి మరి. ఇప్పుడు సంపు, మెట్లు, టెర్రస్ ఉమ్మడి, వెనక పోర్షన్‌కి పక్క సందులోంచి దారి, మోటార్‌కి విడిగా మీటర్, అన్నీ డీడ్‌లోనే ఉన్నాయి.

మా ఆయన ఫ్రెండ్ సివిల్ ఇంజనీర్ ఒక ఆదివారమంతా టేపు పట్టుకుని గోడ గోడా కొలిచాడు, పైసా తీసుకోలేదు, టిఫిన్ తిని వెళ్ళాడు అంతే. ఆయన కొలతల మీదే పంపకం జరిగింది. తమ్ముడు కట్టుకున్న పైభాగం తమ్ముడికి, దానికి బదులు కింద భాగంలో హక్కు వదులుకున్నాడు. ముందు పోర్షన్ వదినకీ పిల్లలకీ, వెనక పోర్షన్ అక్కకీ నాకూ. స్థలం మాత్రం విడదీయని ఉమ్మడి వాటా, అంటే యూడీఎస్‌లో తలా పాతిక. అక్క తన భాగం నాకు రిలీజ్ డీడ్ (హక్కు వదులుకునే పత్రం) రాసి డబ్బు తీసుకుంటోంది, అక్కాచెల్లెళ్ళ మధ్య కాబట్టి స్టాంపు డ్యూటీ 1 శాతమే, 40,000 మించదు. మొదట ఊరికే వదులుకోబోయిన మనిషి, ఇప్పుడు తన వాటాకి తగ్గ సొమ్ము దర్జాగా తీసుకుంటోంది, నాకు అదే పెద్ద సంతోషం.

అన్నయ్య కొడుక్కి అప్పటికి పదిహేడేళ్ళు. మైనర్ వాటా విషయంలో తొందరపడితే రేపు వాడే ప్రశ్నించొచ్చు, పద్దెనిమిది నిండాక వాడి చేతే సంతకం పెట్టించండి అని లాయరమ్మ అన్నారు. ఆగాం. ఆగినన్నాళ్ళూ తమ్ముడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు, బిల్డర్ అడ్వాన్స్ ఇస్తానని వెంటపడుతున్నా వద్దన్నాడు. అందుకే ఈ లిస్టులో వాడికీ థాంక్స్ చెప్పాలి. ఒరే తమ్ముడూ, నువ్వు ఒప్పుకోకపోతే ఇది ఇంకో పదేళ్ళు కోర్టులో నడిచేది, నాకు తెలుసు.

నాన్నకి, అమ్మకి, అన్నయ్యకి మూడు వారిసు (వారసుల) సర్టిఫికెట్లకీ ఈ-సేవై సెంటర్లో అప్లికేషన్లు తప్పుల్లేకుండా పెట్టిన అమ్మాయికి కూడా చాలా థాంక్స్ అమ్మా, పేర్ల స్పెల్లింగ్ మూడింట్లోనూ ఒకేలా ఉండాలని నువ్వు పట్టుబట్టావు కాబట్టే రిజిస్ట్రేషన్ రోజు ఏ అడ్డూ రాలేదు.

వచ్చే పౌర్ణమికి వదిన ముందు పోర్షన్‌లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుంటోంది. బాబాయీ, ఆటో మేమే పంపిస్తాం. లాయరమ్మగారూ, మీడియేటర్ మేడమ్, మీరు ఫీజూ బహుమతీ ఏదీ తీసుకోరని తెలుసు, ప్రసాదానికైనా రండి. అక్క ముందు రోజే వస్తోంది, పులిహోర తమ్ముడి భార్య చేస్తానంది.